ఆకాశరామన్న అడ్రసు ఎవరి దగ్గరుంది?

ఇంటర్నెట్ చట్టాల మీద ఎవరు మాట్లాడినా జెరాన్ కేసు పేరు ఒకసారైనా వస్తుంది. అమెరికాలో ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1997 నవంబరులో ఇచ్చిన తీర్పు అది. వేరేవాళ్లు రాసిన మాటలకు వేదిక నడిపే కంపెనీ జవాబు చెప్పనక్కర్లేదనే సెక్షన్ 230 ఎంత దూరం పోతుందో తేల్చిన మొదటి పెద్ద తీర్పు. దాని గురించి వినడమే తప్ప నేను ఎప్పుడూ చదవలేదు. ఈ మధ్య కూర్చుని మొత్తం చదివాను. అందరూ చెప్పుకునే వాదనల కన్నా మొదట్లోనే ఉన్న ఒక చిన్న ఫుట్‌నోట్ నన్ను ఎక్కువ పట్టుకుంది.

జెరాన్ అనే ఆయన పేరు చెడగొట్టే అబద్ధపు సందేశాలు ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిని పెట్టిన అసలు మనిషి మీద జెరాన్ కేసు వెయ్యలేదని తీర్పులో ఒక వాక్యం ఉంది. దాని కింద ఫుట్‌నోట్. ఆ సందేశాలు వచ్చిన వేదిక నడిపే అమెరికా ఆన్‌లైన్ కంపెనీ తన ఖాతాదారుల రికార్డులు సరిగా ఉంచుకోకపోవడం వల్ల ఆ మనిషిని కనిపెట్టడం అసాధ్యమైందని జెరాన్ అంటున్నాడు, అయితే రికార్డుల సంగతి ఈ అప్పీలులో మా ముందుకు రాలేదు అని దాని సారాంశం. అంతటితో ఆ విషయం ముగిసింది.

జరిగినదేమిటో ఒకసారి చూడండి. 1995 ఏప్రిల్ 19న ఓక్లహామా సిటీలో ఫెడరల్ ఆఫీసుల భవనాన్ని పేల్చేశారు. 168 మంది చనిపోయారు, వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. ఆరు రోజులకే అమెరికా ఆన్‌లైన్ బులెటిన్ బోర్డులో ఒక ప్రకటన వచ్చింది. చనిపోయినవాళ్లను వెక్కిరించే రాతలున్న టీషర్టులు అమ్ముతున్నాం, కావలసినవాళ్లు కెన్‌ని అడగండి అంటూ సియాటిల్‌లో ఉండే కెనెత్ జెరాన్ ఇంటి ఫోన్ నంబరు ఇచ్చారు. అతనికీ ఆ టీషర్టులకూ ఏ సంబంధమూ లేదు. బూతులు, చంపేస్తామనే బెదిరింపులు మొదలయ్యాయి. వ్యాపారమంతా ఆ ఇంటి నంబరు మీదే నడుస్తుంది కాబట్టి మార్చుకోలేడు. కంపెనీకి ఫోన్ చేస్తే తీసేస్తామన్నారు, కానీ అది అబద్ధమని ప్రకటించడం మా పద్ధతి కాదన్నారు. మర్నాడు కొత్త పేరుతో మరో ప్రకటన వచ్చింది, లైను బిజీగా ఉంటే మళ్లీ చెయ్యండన్న సలహాతో సహా. ఏప్రిల్ 30 నాటికి సుమారు రెండు నిమిషాలకొక కాల్. మే 1న ఓక్లహామాలో ఒక రేడియో స్టేషన్ దాన్ని గాలిలో చదివి, ఆ నంబరుకు ఫోన్ చేసి తిట్టమని వినేవాళ్లకు చెప్పింది. చివరికి పోలీసులు అతని ఇంటికి కాపలా ఉండాల్సి వచ్చింది.

రాసినవాడెవడో ఈ రోజుకీ తెలియదు.

ఇలాంటి కథ చెప్పగానే, ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంతేగా, ఎవర్నీ పట్టుకోలేకపోయేవాళ్లు అంటారు. అదేదో వాతావరణం లాంటి సంగతి, ఎవరి చేతిలోనూ లేనిది అన్నట్టు. నేను దీన్ని ఒప్పుకోను. తొలినాళ్లలో కూడా జాడ దాదాపు ఎప్పుడూ ఉండేది. ఆ జాడ ఎక్కడో ఒకచోట ఒక మనిషి దగ్గరకో కంపెనీ దగ్గరకో వచ్చి ఆగేది. వాళ్లు దాచారా, పారేశారా, ఇవ్వబోమన్నారా అన్నదాని మీదే అంతా ఆధారపడేది. అది వాళ్లు చేసుకున్న ఎంపిక. ఎంపిక అయినప్పుడు దానికి బాధ్యత కూడా ఉండాలి. రాసినవాడెవడో చెప్పలేని కంపెనీ, రాసినదానికి నాకేం సంబంధమని కూడా అంటే కుదరదు. రెండు చేతులూ కడుక్కోవడానికి వీల్లేదు. ఈ మాట తేలిగ్గా అనేశానేమో అన్న అనుమానం నాకూ ఉంది. అందుకే ఇంత రాస్తున్నాను.

జాడ ఎక్కడ తెగేది

అసలు మొట్టమొదట్లో పట్టుకోవడం కష్టం కాదు. తొంభైల మొదట్లో అమెరికాలో చదువుకునే తెలుగువాళ్లు యూజ్‌నెట్ అనే పాత చర్చా వేదికలో తెలుగు గ్రూపు పెట్టుకుని, రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లు. ఆ సందేశాల హెడర్లో, అంటే సందేశం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పై భాగంలో, యూనివర్సిటీ పేరు, చాలాసార్లు ఆ మెషీన్ పేరు కూడా ఉండేవి. ఎవరైనా హద్దు దాటితే అక్కడి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు ఒక మెయిల్ రాస్తే చాలు. ఆయనకు ఆ ఖాతా ఎవరిదో తెలుసు, ఆ కుర్రాడు ఏ ల్యాబులో కూర్చుంటాడో కూడా తెలిసే ఉంటుంది.

అలాగని అక్కడ మోసం చెయ్యలేరని కాదు. మెయిల్ పంపే పద్ధతిని 1982లో రాసిపెట్టినప్పుడు, పంపినవాడు తన పేరు ఏం చెప్తే అదే నమ్మేలా రాశారు. 1984 ఏప్రిల్ 1న ఆమ్‌స్టర్‌డామ్‌లో పీట్ బీర్టెమా అనే ఆయన, సోవియట్ నాయకుడు చెర్నెంకో యూజ్‌నెట్‌లో చేరుతున్నట్టు క్రెమ్లిన్ నుంచి వచ్చిన సందేశం ఒకటి తయారుచేసి వదిలితే చాలామంది నమ్మారు. కానీ అందరూ ఒకరికొకరు తెలిసిన చిన్న లోకంలో అలాంటివి ఎక్కువ కాలం దాగవు.

కష్టం వచ్చింది డబ్బు తీసుకుని కనెక్షన్లు అమ్మే కంపెనీలు వచ్చాకే. డయలప్ కనెక్షన్‌లో మీకంటూ ఒక ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌ను గుర్తుపట్టే నంబరు) ఉండదు. మోడెమ్ కూత పెట్టి లైను కలిసినప్పుడు ఖాళీగా ఉన్న ఏదో ఒక నంబరు ఇస్తారు, లైను తెగగానే అది ఇంకొకరికి పోతుంది. 9 గంటల 10 నిమిషాలకు ఆ నంబరు వాడింది ఒకరు, 9 గంటల 14 నిమిషాలకు ఇంకొకరు. కాబట్టి ఐపీ ఒక్కటే ఉంటే లాభం లేదు, టైము కావాలి. సందేశం అందుకున్న సర్వర్ గడియారం ఐదు నిమిషాలు వెనక ఉంటే పేరు మారిపోతుంది, వేరే ఇంటి తలుపు కొడతారు. ఇక ఏ ఖాతా ఏ నిమిషంలో ఏ నంబరు వాడిందో చెప్పే లాగ్ ఫైలు కనెక్షన్ ఇచ్చిన కంపెనీ దగ్గర ఉండాలి. డిస్కులు ఖరీదైన కాలం అది. బిల్లు వేసేంతవరకూ ఉంచి, తర్వాత దాని మీదే కొత్తది రాసేసేవాళ్లు. ఖాతా దొరికినా అందులో ఉన్న పేరు నిజమేనా? ఉచిత ట్రయల్ డిస్కులు ఊరంతా పంచి, క్రెడిట్ కార్డు నంబరు లెక్కకు సరిపోతే చాలని వెంటనే లోపలికి రానిచ్చిన రోజులు ఉన్నాయి. లెక్కకు సరిపోయే దొంగ నంబర్లు పుట్టించే ప్రోగ్రాములు పిల్లల చేతుల్లో తిరిగేవి.

ఈ నాలుగింటిలో దేన్ని తీసుకున్నా అది యంత్రం చేతకానితనం కాదు. గడియారాలు సరిచేసే పద్ధతి ఎనభైల్లోనే ఉంది. కార్డు సరిచూసే పద్ధతి బ్యాంకులకు తెలుసు. బిల్లు వేయడానికి పనికొచ్చిన లాగ్, తిట్లు తిన్నవాడికీ పనికొస్తుందని ఎవరికీ అనిపించలేదు, అంతే. కొత్త ఖాతాదారును చేర్చుకోవడానికి ఒక్క నిమిషం ఆలస్యమైనా నష్టమేనని లెక్కేసుకున్నవాళ్లు, వాడు ఎవరో తెలియకపోతే వచ్చే నష్టం మాత్రం లెక్కలో వేసుకోలేదు. ఎందుకంటే ఆ నష్టం వాళ్లది కాదు.

మీకెవరి మీదైనా అనుమానం ఉందా?

2001లో నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. ఒకరోజు సాయంత్రం రిటైరైన హైస్కూలు మాస్టారు ఒకాయన చేతిలో ప్రింటౌట్ పట్టుకుని వచ్చారు. ఆయన కూతురు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఆమె పేరుతో, ఆమె రాసినట్టుగా ఒక మెయిల్ గ్రూపులో చెప్పుకోలేని రాత రాసి ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు పెట్టారు. రాత్రిళ్లు ఫోన్లు. చాలా వరకు ఆయనే ఎత్తేవారట.

"బాబూ, కంప్యూటర్లన్నీ నీ చేతిలోవేగా. ఇది ఎవడు పెట్టాడో కాస్త చూసి చెప్పు నాయనా" అన్నారు.

ఆ మెయిలు హెడర్ తెరిచి చూపించాను. ఐపీ అడ్రస్ ఉంది. అది ఏ కంపెనీ డయలప్‌కు చెందినదో కూడా కనిపెట్టగలిగాం. అంటే సగానికి పైగా దారి ఆ కుర్చీలో కూర్చునే నడిచేశాం. కంపెనీకి మెయిల్ రాస్తే పోలీసుల ఉత్తరం కావాలన్నారు. అది న్యాయమే. స్టేషన్‌కు వెళ్తే ఎస్సై గారు ప్రింటౌట్ అటూ ఇటూ తిప్పి, "మీకెవరి మీదైనా అనుమానం ఉందా మాస్టారూ?" అని అడిగారట. "మా అమ్మాయికి శత్రువులెవరుంటారండీ" అన్నారట ఈయన. ఉత్తరం రాయించుకోవడానికి ఎన్నో తిరుగుళ్లు తిరిగారు. తీరా అది కంపెనీకి చేరేసరికి ఆ నెల లాగ్ లేదని జవాబు వచ్చింది. ఉన్నా ఎంతవరకు దారి చూపేదో తెలియదు. ఏ నెట్ సెంటర్ నుంచో పెట్టి ఉంటే జాడ ఆ సెంటర్ దగ్గరే ఆగిపోయేది. ఒకే మోడెమ్ కనెక్షన్‌ను విన్‌గేట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి అన్ని సిస్టమ్‌లకూ పంచే రోజులు. బయటివాళ్లకు సెంటర్ మొత్తం ఒకే మనిషిలా కనిపిస్తుంది. ఎవరు ఏ సిస్టమ్ ముందు కూర్చున్నారో రాసుకునే పుస్తకం అప్పుడు చాలాచోట్ల లేదు.

మాస్టారు ఫోన్ నంబరు మార్పించుకున్నారు. ఆ విద్యా సంవత్సరం చివర ఆ అమ్మాయి ఆ కాలేజీ మానేసింది. దీనివల్లేనా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత చెన్నై కేసు గురించి చదివినప్పుడు ఎస్సై గారి ప్రశ్న గుర్తొచ్చింది. 2004లో ఒక మహిళ పేరుతో యాహూ గ్రూపులో అశ్లీలమైన రాతలు పెట్టారు, ఆమెకు ఫోన్లు మొదలయ్యాయి. జెరాన్‌కు చేసిందే, మా మాస్టారింటికి చేసిందే. ఫిబ్రవరిలో ఫిర్యాదు ఇస్తే, నవంబరు 5న ఎగ్మూర్ కోర్టు శిక్ష వేసింది. ఐటీ చట్టం కింద మన దేశంలో మొదట పడిన శిక్షల్లో ఒకటిగా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ ఐపీలు సైబర్ కేఫ్‌ల దాకా తీసుకెళ్లాయి, కేఫ్ వాళ్ల సాక్ష్యం పనికొచ్చింది. కానీ దారి మొదలైంది ఇంకోచోట. ఆమెకు ఒక మనిషి మీద అనుమానం ఉంది. పెళ్లి చేసుకుంటానని వెంటపడినవాడు, కుటుంబానికి తెలిసినవాడు. పేరు ముందే ఉంది కాబట్టి యంత్రాల సాక్ష్యాన్ని ఆ పేరుకు జోడించగలిగారు. యంత్రాల నుంచి మొదలుపెట్టి పేరు దాకా వెళ్లాల్సి వస్తే మాత్రం జెరాన్ పరిస్థితే, మాస్టారి పరిస్థితే. తొలినాళ్లలో పట్టుబడినవాళ్లలో చాలామంది తెలిసినవాళ్లకు చేసినవాళ్లే అయ్యుంటారని నా నమ్మకం. ముక్కూ మొహం తెలియనివాడి మీద విషం కక్కినవాడు హాయిగా ఉండిపోయాడు.

పేరు దాస్తానన్నవాడి దగ్గర

ఇక్కడ ఫిన్లాండ్ సంగతి చెప్పకుండా ఉండలేను. నా వాదనకు బలం ఇచ్చేదీ అదే, దాన్ని కుదిపేసేదీ అదే.

యోహాన్ హెల్సింగియస్ అనే ఆయన హెల్సింకీలో అనాన్ డాట్ పెనెట్ డాట్ ఎఫ్ఐ అనే సర్వర్ నడిపాడు. మీరు ఆ సర్వర్‌కు మెయిల్ పంపితే మీ పేరూ చిరునామా తీసేసి, ఏఎన్ అనే అక్షరాల పక్కన ఒక నంబరు తగిలించి ముందుకు పంపేది. ఎవరైనా ఆ నంబరుకు జవాబు రాస్తే మీకు చేర్చేది. డబ్బు లేదు. లక్షల మంది వాడారు. తొంభైల నడుమ అజ్ఞాతంగా రాయాలంటే ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసిన దారి అది. చిన్నప్పుడు లైంగిక హింసకు గురై, ఆ మాట ఇంట్లో కూడా చెప్పుకోలేనివాళ్లు యూజ్‌నెట్‌లో ఒకరికొకరు చెప్పుకున్నది చాలావరకు ఈ సర్వర్ చాటు నుంచే.

జవాబులు చేర్చాలంటే ఏ నంబరు ఎవరిదో ఆయన దగ్గర రాసి ఉండాలి. ఉంది. అంటే పేరు దాచడమే పనిగా పెట్టుకున్న ఆ ఒక్క మనిషి దగ్గర పూర్తి జాబితా ఉంది. బిల్లులు వేసి కార్డు నంబర్లు తీసుకునే అంత పెద్ద కంపెనీ మాత్రం, జెరాన్ మాట ప్రకారం, తన ఖాతాదారు ఎవరో చెప్పలేకపోయింది. టెక్నాలజీ కారణమని ఎవరైనా అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన సంగతే. రెండూ 1995లోవే.

అయితే ఆ జాబితా ఏమైంది? 1995 ఫిబ్రవరిలో, తమ కంప్యూటర్ నుంచి దొంగిలించిన ఫైలును ఒకరు ఈ సర్వర్ ద్వారా బయటపెట్టారని సైంటాలజీ చర్చి అనే మత సంస్థ ఫిర్యాదు చేసింది. ఫిన్లాండ్ పోలీసులు వారంటుతో వచ్చారు. మొత్తం జాబితా పోతుందన్న భయంతో హెల్సింగియస్ బేరమాడి ఆ ఒక్క చిరునామా ఇచ్చాడు. అది కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ పూర్వ విద్యార్థుల మెయిల్ చిరునామా. పేరు కోసం వెతికేవాళ్లకు అక్కడ మళ్లీ ఇంకో తలుపు. మరుసటి ఏడాది అదే చర్చి మళ్లీ వచ్చింది. 1996 ఆగస్టులో ఫిన్లాండ్ కోర్టు పేరు చెప్పాల్సిందేనంది. మామూలు ఉత్తరానికి ఉన్న రక్షణ ఈమెయిల్‌కు ఉందో లేదో తేలని పరిస్థితిలో, ఆ నెల 30న ఆయన సర్వర్ మూసేస్తున్నానని ప్రకటించాడు.

దాని తర్వాత వచ్చిన రీమెయిలర్లు, అంటే ఇలా పేరు తీసేసి మెయిల్ పంపే సర్వర్లు, నేర్చుకున్న పాఠం ఒకటే. ఏదీ రాసుకోకూడదు. మిక్స్‌మాస్టర్ లాంటివి సందేశాన్ని పొరలుపొరలుగా తాళం వేసి, ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి తిప్పి, ఎవరి దగ్గరా పూర్తి సంగతి లేకుండా చేశాయి. వాటి దగ్గరకు వారంటుతో వెళ్లినా ఇవ్వడానికి ఏమీ లేదు.

రికార్డు పెట్టుకోమని నేను అడుగుతున్నాను. పెట్టుకున్నవాడికి పట్టిన గతి ఇది. హింసకు గురై పేరు దాచుకున్న ఆడమనిషి నంబరు కూడా అదే పుస్తకంలో ఉంది. దొంగ ఫైలు పెట్టినవాడి కోసం వచ్చిన వారంటు ఆమె పేరున్న పుస్తకం దాకా వచ్చింది. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతలో చెప్తాను.

పట్టుకోవడం తేలికయ్యాక

తొంభైల చివరికి అమెరికాలో వేదికలు నడిపే కంపెనీలు రికార్డులు ఉంచుకోవడం, అడిగితే ఇవ్వడం మొదలైంది. అప్పుడు ముందుగా క్యూ కట్టింది జెరాన్ లాంటివాళ్లు అనుకుంటున్నారా? 1999 ఫిబ్రవరిలో రేథియాన్ అనే ఆయుధాల కంపెనీ, యాహూ ఫైనాన్స్ బోర్డులో తన గురించి రాసిన 21 మంది అజ్ఞాతల మీద దావా వేసింది. కోర్టు కాగితం చూపి యాహూ దగ్గర పేర్లు రాబట్టింది. రాసినవాళ్లలో సొంత ఉద్యోగులే ఉన్నారు, కొందరు ఉద్యోగం వదిలి వెళ్లారు. మేలో కంపెనీ దావా ఉపసంహరించుకుంది. కావలసింది తీర్పు కాదు, పేర్లు. పేర్లు దొరికాయి, పని అయిపోయింది.

ఫోన్లు భరించలేక నిద్ర లేని మనిషికి దారి మూసుకుపోయి ఉంటే, లాయర్లున్న కంపెనీకి అదే దారి బార్లా తెరుచుకుంది. ఈ సంగతి చదివాక చాలా రోజులు నా అభిప్రాయం మీద నాకే నమ్మకం సడలింది.

ఇంకోటి కూడా ఉంది, ఇది మన దగ్గర జరిగింది. 2007 ఆగస్టులో, ఆర్కుట్ అనే సోషల్ సైట్‌లో ఛత్రపతి శివాజీని అవమానించే బొమ్మ పెట్టాడని బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి పుణె పోలీసులు పట్టుకెళ్లారు. ఐపీ అడ్రస్ అతనిదేనని టెలికాం కంపెనీ చెప్పింది. అది తప్పు. ఆ సమయంలో ఆ ఐపీ వాడింది వేరేవాళ్లు. 50 రోజులు జైల్లో ఉన్నాడు. పాత రోజుల్లో రికార్డు లేక నేరస్తుడు తప్పించుకుంటే, ఇక్కడ రికార్డు ఉండి అమాయకుడు దొరికాడు. తెలియదు అని చెప్పే కంపెనీ కన్నా తప్పు పేరు ధీమాగా చెప్పే కంపెనీ ప్రమాదకరం.

అయినా ఎందుకు అడుగుతున్నాను

ఇవన్నీ చూశాక, మనవాళ్లు కొందరు చెప్పే పరిష్కారం నాకు అసలు నచ్చదు. ప్రతి ఖాతాకూ ఆధార్ ముడిపెట్టెయ్యాలంటారు. 2018లో మద్రాసు హైకోర్టులో అలాంటి కోరికతోనే పిటిషన్ వేశారు. ఒక్కడు తప్పు చేస్తాడేమోనని అందరి పేర్లూ ముందే రాయించుకోవడం అది. హెల్సింగియస్ దగ్గర ఉన్నది లక్షల పేర్ల జాబితా, దాన్ని కాపాడటానికి ఆయన సొంత సర్వర్ మూసేసుకున్నాడు. కోట్ల పేర్ల జాబితాను కాపాడటానికి ఎవరు అంత పని చేస్తారు?

నేను అడిగేది అంతకన్నా చిన్నది. పేరు అక్కర్లేదు. ఈ సందేశం ఏ నిమిషంలో ఎక్కడి నుంచి వచ్చిందో, సరైన గడియారంతో, కొద్ది నెలల పాటు ఉంచు. తర్వాత చెరిపెయ్. ఫిర్యాదు వస్తే ఆ ఒక్క ముక్క పక్కన పెట్టు. మా మాస్టారి విషయంలో కావలసింది అంతే. ఉత్తరం రావడానికి పట్టే కాలం ఆ లాగ్ నిలిచి ఉంటే చాలు. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో 180 రోజుల లాగ్‌లు ఉంచాలని, గడియారాలు సర్కారు టైముతో సరిపెట్టుకోవాలని ఉన్నాయి. ఆ ఆదేశాల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి గానీ, ఈ గడియారం నియమం ఇరవై ఏళ్ల ముందు రావలసింది. అది ఉన్నంత మాత్రాన ఇప్పుడు అంతా సులువని కాదు. ఈ రోజు మొబైల్ కంపెనీలు ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతున్నాయి. ఆ ఐపీ పంచుకునేవాళ్లను విడదీసి చూపే పోర్టు నంబరు కూడా రాసుకోకపోతే విన్‌గేట్ రోజులకూ ఇప్పటికీ పెద్ద తేడా లేదు.

ఆ కొద్దిపాటి రికార్డు కూడా ఉంచను అనే కంపెనీ ఉండొచ్చు. ఉండనివ్వండి. అప్పుడు ఫిర్యాదు అందాక కూడా ఆ రాత అలాగే ఉంటే దానికి తనే జవాబు చెప్పాలి. జెరాన్ మొదటి రోజే ఫోన్ చేశాడు. అదే రాత కొత్త పేర్లతో రోజూ వస్తుంటే, రాసేవాడెవడో తెలియదని, రాత మాది కాదని చెప్పిన కంపెనీని కోర్టు ఊరుకోనిచ్చింది. ఫిర్యాదు చెయ్యగానే బాధ్యత వస్తుందంటే కంపెనీలు భయపడి ఎవరు ఏం అడిగినా తీసేస్తాయని ఆ తీర్పులో జడ్జి విల్కిన్సన్ రాశాడు. నిజమే, తీసేస్తాయి. మన దగ్గర అది రోజూ చూస్తున్నాం. ఆ భయం నాకూ ఉంది. అందుకే బాధ్యత అందరి మీదా పెట్టమనడం లేదు. జాడ ఉంచినవాడికి రక్షణ ఇవ్వండి, పారేసినవాడికి ఇవ్వకండి అంటున్నాను. డబ్బు తీసుకోకుండా, బాధితులకు చాటు ఇవ్వడానికే నడిచే చిన్న సేవలను దీని నుంచి తప్పించాలి. ఏది చిన్నది, ఏది పెద్దది అన్న గీత ఎక్కడ గీసినా ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది. హింస నుంచి బయటపడిన ఆ ఆడవాళ్లకు జరగడం కన్నా లాభాలు తీసుకునే కంపెనీకి జరగడం నయమని నా లెక్క.

రేథియాన్ లాంటివాళ్ల సంగతికి 2001లో న్యూజెర్సీ అప్పీళ్ల కోర్టు డెండ్రైట్ కేసులో ఒక మంచి దారి చూపింది. పేరు అడిగేవాడు ముందు ఆ అజ్ఞాతకు తెలిసేలా నోటీసు పెట్టాలి. ఏ మాటలు తప్పో విడిగా చూపాలి. కేసు నిలబడుతుందనడానికి ఆధారం ఇవ్వాలి. అప్పుడు జడ్జి రెండు వైపులా తూచి చూస్తాడు. జెరాన్ ఈ గడపలన్నీ సులువుగా దాటేవాడు. మా మాస్టారూ దాటేవారు. ఉద్యోగుల పేర్ల కోసం వచ్చినవాళ్లకు మాత్రం కష్టమయ్యేది.

మన దగ్గర 2021 ఐటీ నియమాల ప్రకారం అధికారం ఉన్న ఏజెన్సీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో వివరాలు ఇవ్వాలి. ఆ ఖాతాదారుకు ముందుగా చెప్పాలన్న మాట ఆ నియమంలో లేదు. చెప్తే నేరస్తుడు జాగ్రత్తపడతాడని పోలీసు ఉద్యోగంలో ఉన్న నా స్నేహితుడొకడు వాదిస్తాడు. ప్రాణాపాయం ఉన్న కేసుల్లో అది నిజం, అక్కడ మినహాయింపు ఉండాల్సిందే. మిగతావాటిలో జాగ్రత్తపడి ఏం చేస్తాడు? రికార్డు ఉన్నది అతని దగ్గర కాదు, కంపెనీ దగ్గర. ఒకసారి పక్కన పెట్టిన లాగ్‌ను అతను చెరపలేడు. బెంగళూరు కుర్రాడికి అరెస్టు కన్నా ముందు ఒక నోటీసు వచ్చి ఉంటే, ఆ నంబరు నాది కాదని చెప్పుకోవడానికి, కంపెనీ తన పుస్తకం ఇంకోసారి తిరగేయడానికి వారం రోజులైనా దొరికేవి.